సీలు వేసిన ప్రశ్న

ఆదోని,
6 నవంబరు 2024

అత్తకు చందన నమస్కారాలు.

నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా మామ మగ్గం చప్పుడులో నా మాట నీకు వినబడదు. "ఆ, తిన్నాలే" అని పెట్టేస్తావు. నిన్న నేను అడిగింది తిన్నావా అని కాదు, నా గొడుగు మీ ఇంట్లో మరిచిపోయానా అని. అందుకే ఇక ఉత్తరాలు. మాదన్న ప్రతి గురువారం చీరల మూటతో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వస్తాడు కదా, మన టపా అతనే.

బడి సంగతులు చెప్తాను. హొళగుంద మండలంలో మా పల్లె బడికి నేనొక్కదాన్నే టీచర్ని, పిల్లలు ముప్పై ఒక్కమంది. జూన్ నెలంతా నేను చెప్పాను, వాళ్లు విన్నారు. "అర్థమైందా?" అంటే "అయింది మేడం" అన్నారు. "ఏమర్థమైంది?" అంటే మళ్లీ "అయింది మేడం" అన్నారు. ఆ రోజే నాకు జ్ఞానోదయమైంది.

ఇప్పుడు పాఠం నేను మొదలుపెట్టను. తరగతిలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక తాడు కట్టాను. ఎవరికి ఏ అనుమానం వచ్చినా చీటీ మీద రాసి ఆ తాడుకు తగిలిస్తారు. రోజూ ఒక చీటీ తీస్తాం, అదే ఆ రోజు పాఠం. తెలుసుకోవాలన్న ఆశ పిల్లల్లో ఉండనే ఉంది అత్తా. దాన్ని చంపకుండా ఉంటే చాలు, అదే టీచరు పని.

నాలుగో తరగతిలో గౌరి అనే పిల్ల ఉంది. దాని చీటీలే తాడుకు బరువు. "మబ్బు హొళగుంద దాకా వచ్చి మా ఊరికి ఏంటికి రాదు?" అని రాసింది. "కోడికి చెవులు యాడుంటాయి?" అని ఇంకొకటి. కోడి చెవుల కోసం నేను ఆదివారమంతా ఇంటి ఓనరు కోడి వెంట తిరిగాను. ఆమె నన్ను దొంగ అనుకుంది.

గొడుగు సంగతి మరువకు.

నీ చందన

ఎమ్మిగనూరు,
10 నవంబరు 2024

చిరంజీవి చందనకు ఉమారాణి అత్త దీవెనలు.

ఇక్కడ మేం బాగున్నాం. నువ్వు బాగున్నావో లేదో నీ ఉత్తరం చూస్తే అనుమానంగా ఉంది. టీచర్లంటే చెప్పేవాళ్లని ఇన్నాళ్లూ అనుకున్నాను, అడిగించుకునేవాళ్లని ఇప్పుడే తెలిసింది. మరి జీతం కూడా పిల్లలకే ఇస్తున్నావా?

చిన్నప్పుడు నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడల్లా "అత్తా, నూలుకు గంజి ఎందుకు, అత్తా, అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎందుకు కింద పడదు" అని నా ప్రాణం తీసేదానివి. ఒకసారి నేను విసుక్కుంటే రెండు రోజులు మాట్లాడలేదు. ఆ పాపం ఇప్పుడు ముప్పై ఒక్కమంది రూపంలో నీకు తగులుతోంది. నాకు సంతోషంగానే ఉంది.

అయినా నీ పద్ధతి నేనూ చూస్తాను. పక్కింటికి కొత్త కోడలు రూప వచ్చింది, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం నేర్పమని నన్ను అడిగారు. నేనేమీ చెప్పను, అదే అడిగే దాకా ఆగుతాను. ఫలితం రాస్తాను.

గొడుగు మాదన్నతో పంపాను. ఈసారి కోడి వెంట తిరిగేటప్పుడు అడ్డం పెట్టుకో, ముఖం కనబడదు.

ఇట్లు,
ఉమారాణి

ఆదోని,
20 నవంబరు 2024

అత్తా,

ఈసారి నవ్వకుండా చదువు.

గౌరి వెళ్లిపోతుందట. కొత్త సంవత్సరం రాకముందే మా పల్లె సగం ఖాళీ అవుతుంది, సుగ్గికి పోతారు. గుంటూరు దిక్కున మిరప చేలల్లో కోతలు. మూడు నెలలు పట్టలు కట్టిన గుడారాల్లోనే కాపురం. పిల్లల్ని వెంట తీసుకుపోతారు. తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి, చదివింది సగం మరిచిపోయి ఉంటారు. కొందరు ఆ తర్వాత బడికే రారని పోయినేటి టీచరు చెప్పి వెళ్లాడు. గౌరి అలా కాకూడదు. నేను ఈ ఉద్యోగంలో చేరి ఇంకేమీ సాధించకపోయినా ఫరవాలేదు, ఈ పిల్ల మాత్రం బడిలో ఉండాలి.

వాళ్లమ్మ ఎల్లమ్మ దగ్గరికి పోయాను. గంటసేపు మాట్లాడాను. చదువు హక్కు గురించి, ఆడపిల్ల భవిష్యత్తు గురించి, తెలివైన పిల్లలు ఎలా పైకొస్తారన్న దాని గురించి. చాలా బాగా మాట్లాడాను అత్తా, నాకే కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమె అన్నిటికీ "సరే మేడం" అంది. ఒప్పుకుందనుకుని సంబరంగా బస్సెక్కాను. మరునాడు గౌరి వచ్చి, "మేడం, సుగ్గి లారీలో నాకు కిటికీ పక్కన సీటు ఇప్పిస్తా అనె మా అమ్మ. లారీకి కిటికీ యాడుంటాది?" అని అడిగింది.

ఇంకో ఉపాయం చేశాను. పెద్దవాళ్లకు బడి తమది అనిపించాలి. అందుకని పిల్లలందరి చేతా ఇంటికని ఒక్కో చీటీ పంపాను. "మీ ఇంట్లో ఎవరెవరికి ఏ పని బాగా వచ్చు?" అంతే ప్రశ్న. వచ్చినవాళ్లను బడికి పిలుస్తాను, పిల్లలు వాళ్లను ప్రశ్నలు అడుగుతారు. ఎవరూ పారేయకుండా ఒక్కోదాని మీద బడి సీలు గుద్ది, కింద సంతకం కూడా పెట్టాను. నీకూ మామకూ ఒకటి పంపుతున్నాను. నింపి పంపండి, ప్రశ్న బాగుందో లేదో నాకు తెలుస్తుంది.

చందన

ఎమ్మిగనూరు,
24 నవంబరు 2024

చందనకు,

నవ్వొద్దన్నావు కాబట్టి వంటింట్లోకి పోయి నవ్వి వచ్చాను. లారీ కిటికీకి కాదు, నీ కళ్లలో నీళ్లకు. చెప్పేవాళ్లకు ఏడుపొచ్చి వినేవాళ్లకు రాకపోతే ఆ మాటలు ఎవరికి చేరినట్టు?

ఇప్పుడు నా బడి సంగతి విను. రూప వచ్చి రాట్నం ముందు కూర్చుంది. నేను నీ మాట ప్రకారం నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. అడగలేదు. గంట తర్వాత ఇరవై కండెలు చుట్టి పెట్టింది, అన్నీ వదులుగా. మీ మామ ఒక్కటి నాడెలో వేసి విసిరాడో లేదో, దారం కుప్పగా జారి పడుగుకు చుట్టుకుంది. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, ఉత్తరం మాదన్న చేతుల మీదుగా పోతుంది.

"ఏంటికి అడగలేదే?" అన్నాను రూపను. "పెద్దోళ్లు గమ్మున కూసున్నారంటే నాకు పరీచ్చ పెడ్తాండారేమో అనుకున్యా అత్తా. అడిగితే ఏమీ రాదనుకుంటారని," అంది. పాపం, చెమటలు పట్టి ఉంది. అడగొచ్చు అని అనిపించాలి కదా తల్లీ ముందు. ఊరికే నోరు మూసుకుంటే సరిపోదని నాకు ఇరవై కండెల ఖర్చుతో తెలిసింది. మరునాడు నేనే తప్పుగా చుట్టి, "ఇది ఎందుకు జారుతోంది చూడవే" అన్నాను. అప్పుడు మొదలైంది దాని నోరు, ఇంకా ఆగలేదు.

నీ చీటీ మీ మామ చేతిలో పడింది. తిప్పి తిప్పి చూసి, మడిచి, దేవుడి పటం వెనక పెట్టాడు. అడిగితే, "ఆలోచించి రాయాల" అంటాడు. దానికి అంత ఆలోచన ఏమిటో నాకు తెలియదు.

ఉమారాణి

ఆదోని,
4 డిసెంబరు 2024

అత్తా,

చీటీలు వచ్చాయి. ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ వచ్చాయి, ఇంత క్రమశిక్షణ నేను ఊహించలేదు. ముందర పెట్టుకుని చదువుతుంటే నాకు మతి పోయింది.

ఈ పల్లెలో ఎవరికీ ఏ పనీ రాదు. ఒకాయనకు నడుము పనిచేయదు. ఒకామె చెయ్యి పైకి లేవదు. ముగ్గురికి మూర్ఛ. నిన్న గాక మొన్న ఎద్దుల బండి మీద నిలబడి పాట పాడుకుంటూ పోయిన మనిషి ఇంటి నుంచి "మంచం దిగలేడు" అని వచ్చింది. కొందరు ఆధార్ జిరాక్సు కూడా పిన్ను కొట్టి పంపారు. ఎందుకో అర్థం కాలేదు.

గౌరి ఇంటి చీటీ అన్నిటికన్నా దిగులు. "అవ్వ హనుమమ్మకు చూపు లేదు, నడవలేదు, ఒకరు తినిపించాల." నేను ఆ అవ్వ మీదే ఆశ పెట్టుకున్నాను అత్తా. గౌరిని ఆమె దగ్గర వదిలిపెట్టి పొమ్మని అడుగుదామనుకున్నాను. అంత చేతకాని ముసలామె పిల్లను ఎలా చూస్తుంది? ఇక అడగడం అన్యాయం. లారీ ముప్పయ్యో తారీకున పోతుందట. నేను ఊరుకుంటున్నాను.

ఊళ్లో నన్ను చూసి జనం పక్కకు తప్పుకుంటున్నారు కూడా. నేనేం తప్పు చేశాను?

మీ ఇంటి చీటీ ఇంకా రాలేదు.

చందన

ఎమ్మిగనూరు,
8 డిసెంబరు 2024

ఒసే పిచ్చి చందనా,

మా ఇంటి చీటీ ఎందుకు రాలేదో విను. నిన్న మీ మామ దాన్ని పటం వెనక నుంచి తీసి నాకిచ్చి, "రాయి, నేను సెప్తా" అన్నాడు. ఆయన మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. కాళ్లు తొక్కుతున్నాయి, చేతులు నాడె విసురుతున్నాయి, జరీ అంచు జానెడు దిగింది. "ఏం రాయమంటావు?" అన్నాను. "కాళ్లు పనిచెయ్యవు అని రాయి. కండ్లు మసకలు. మగ్గం దిక్కు పోయి యాడాదాయె అని రాయి," అన్నాడు, ఒక్క పోగు తప్పకుండా నేస్తూ.

"ఇది మన చందన పంపింది కదయ్యా!" అంటే, "సీలు ఉండాది కదా. సీలు చందనది కాదు, గవర్మెంటుది. పనొచ్చు అని రాస్తే పింఛను పాయె," అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. వెంటనే మాదన్న నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. ముగ్గురికి మూర్ఛ అన్న చోట నాకు నిజంగానే మూర్ఛ వచ్చినంత పనైంది.

నేను ముప్పై ఏళ్లు ఈ వీధికంతా దరఖాస్తులు నింపాను. సీలు వేసిన కాగితం వీధి మొదట్లో కనబడితే చివరింట్లో వాళ్లకు దగ్గు మొదలవుతుంది. వాళ్లు అబద్ధాలకోర్లు కారు తల్లీ. ఏ కాగితం ఎప్పుడు ఏది పట్టుకుపోతుందో వాళ్లకు తెలియదు, అంతే. నువ్వు ప్రేమగా అడిగావు, వాళ్లకు అది తనిఖీలా వినబడింది. నిన్ను చూసి తప్పుకుంటున్నది కూడా అందుకే, పింఛన్లు కోయడానికి వచ్చావనుకుంటున్నారు.

ఇంకో మాట, నీకు కోపం వచ్చినా రాస్తాను. పిల్లలు కోడికి చెవులెక్కడ అంటే ఆదివారమంతా కోడి వెంట తిరిగావు. హనుమమ్మకు చూపు లేదని కాగితం చెప్తే మాత్రం నమ్మేసి ఇంట్లో కూర్చున్నావు. ఎల్లమ్మకు గంటసేపు చెప్పావు, ఆమెను ఒక్క ప్రశ్న అడిగావా? నీకు ప్రశ్నలంటే ఇష్టం గానీ, పెద్దవాళ్ల జవాబులంటే ఓపిక లేదు.

ఉమారాణి

ఆదోని,
12 డిసెంబరు 2024

అత్తకు,

ఉత్తరం అందింది. నాకు ఓపిక లేదని, తెలివి లేదని తెలియజేసినందుకు కృతజ్ఞతలు. మామ ఆరోగ్యం జాగ్రత్త.

చందన

ఎమ్మిగనూరు,
15 డిసెంబరు 2024

చందనా,

అబ్బో, కృతజ్ఞతలు! చిన్నప్పుడు కూడా ఇంతే, రెండు రోజులు మూతి ముడుచుకునేదానివి. ఇప్పుడు ఉద్యోగస్థురాలివి కాబట్టి వారం అనుకుంటాను.

తెలివి లేదని నేను అనలేదు, మళ్లీ చదివి చూడు. ఓపిక లేదన్నాను. అది మాత్రం వెనక్కి తీసుకోను. మీ మామ ఉత్తరం చూసి, "బిడ్డను అట్ల రాస్తారా, దూరాన ఉండాది," అని రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మగ్గం కూడా ఆపేశాడు. ఇంట్లో చప్పుడు లేక నాకు పిచ్చి పట్టినట్టయింది. ఈ ఇంట్లో నీకంటూ ఒకరున్నారు, తెలిసిందా?

నాకు నువ్వంటే గర్వం. వీధిలో ప్రతివాళ్లకూ నీ తాడు గురించి చెప్తున్నాను. అందుకే ఇంత కోపం.

వేరుశనగ ఉండలు పంపాను. సీలు లేదు, ధైర్యంగా తిను.

ఉమారాణి

ఆదోని,
23 డిసెంబరు 2024

అత్తా,

ఉండలు అయిపోయాయి, కోపం కూడా. కోపం ముందు అయిపోయింది, ఉండల కోసం ఆగాను.

నిన్న ఆదివారం పల్లెకు పోయాను. కాగితం లేదు, పెన్ను లేదు, చేతిసంచి కూడా గదిలో పెట్టి పోయాను. హనుమమ్మ గుడిసె ముందు ఎండలో కూర్చుని బొంత కుడుతోంది. నాలుగడుగుల దూరం నుంచే చూశాను, ఒక్క విసురులో సూదిలో దారం ఎక్కించింది. నా చెప్పుల చప్పుడుకు తలెత్తి, నన్ను గుర్తుపట్టి, వెంటనే గుడ్డిదైపోయింది! చేతులు చాచి గోడను తడుముతూ, "ఎవరప్పా అది, కనపడదే నాకు," అంది. గోడ అటువైపు ఉంది.

నేను ఆపుకోలేక నవ్వాను. ఆమె కూడా కాసేపు బిగబట్టుకుని, ఇక లాభం లేదని నవ్వేసింది. పక్కన కూర్చుని, "అవ్వా, ఈ కుట్టు మూలలో తిరిగేటప్పుడు ముడతపడకుండా ఎలా కుడతావు?" అన్నాను. నిజంగానే నాకు తెలియదు. అంతే, నా చెయ్యి పట్టుకుని అరగంట నేర్పింది. నాలుగు సార్లు వేలు గుచ్చుకున్నాను. "పంతులమ్మ అంట, సూది పట్టేది రాదు," అని ఊరందరికీ వినబడేలా చెప్పింది. అక్కడికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా చేరారు. నన్ను చూసి ఎవరూ తప్పుకోలేదు.

మాటల్లో ఆమే అంది, "పోయినేడు గౌరి నా కాడే ఉండె కదా." నేను నిర్ఘాంతపోయాను. పోయినేటి హాజరు పట్టీ నా బీరువాలోనే ఉంది అత్తా, నేను ఒక్కసారి తీసి చూడలేదు.

ఎల్లమ్మ నీళ్లబిందెతో వచ్చింది. ఈసారి నేను ఒక్కటే అడిగాను, "పోయినేడు వదిలిపెట్టి పోయారు కదా, ఈసారి ఎందుకు తీసుకుపోతున్నారు?" అని. అడిగి ఊరుకున్నాను. నువ్వు నమ్మవు, అంత కష్టమైన పని నేను ఇంతవరకూ చేయలేదు. మూడుసార్లు నోటిదాకా ఉపన్యాసం వచ్చింది, మింగేశాను.

ఆమె బిందె దించింది. బిందె అంచు కొంగుతో తుడుస్తూ చెప్పింది.

"పోయినేడు మూడు నెల్లకు తిరిగొస్తిమి మేడం. ఉరుక్కుంటా వస్తాది అనుకున్యా. రాలా. పది దినాలు నాతో సరింగా మాట్లాడలా. అన్నానికి అవ్వనే అడిగేది, జడకూ అవ్వనే. ఊరందర్నీ అది అడుగుతాది, ఇది అడుగుతాది. నన్ను ఏమీ అడగదు మేడం. దాన్ని ఈడ పెట్టిపోతే నా బిడ్డ కాకుండా పోతాది."

నా తాడు మీద గౌరి చీటీలు చూసి మురిసిపోయాను, వాళ్లమ్మకు ఒక్కటీ లేదని నాకెలా తెలుస్తుంది? గౌరి అక్కడే గుంజ పట్టుకుని నిలబడి అంతా విన్నది. అమ్మనెందుకు అడగవే అన్నాను. "అమ్మ ఆడ ఏం చేస్తాదో నాకు తెల్దు మేడం. తెలీకుంటే ఏం అడగాల?" అంది.

"తెలియనిదాన్నే కదే అడిగేది," అంది హనుమమ్మ, బొంత మీద నుంచి తలెత్తకుండా. "ఫోను ఉండాది కదా మీ నాయన కాడ. దినానికి ఒకటి అడుగు."

ఎల్లమ్మ బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. లారీ ముప్పయ్యో తారీకున. ఇప్పుడు నేనేం చేయాలి? గురువారం దాకా ఆగలేను, ఈ ఉత్తరం ఎమ్మిగనూరు బస్సు కండక్టరుతో పంపుతున్నాను.

నీ చందన

ఎమ్మిగనూరు,
25 డిసెంబరు 2024

చందనా,

ఏమీ చేయొద్దు. లారీ దగ్గరికి పోవద్దు. నువ్వు అక్కడ నిలబడితే ఆమె మొహమాటానికి పిల్లను దించుతుంది, ఆ తర్వాత మూడు నెలలు ఏడుస్తుంది. అడిగావు, విన్నావు. ఇక తేల్చుకునేది ఆ తల్లి. నాకు ఉత్తరం రాయడానికి మాత్రం ఆలస్యం చేయకు. ఇక్కడ నేనూ మీ మామా రూపా ముగ్గురం ముప్పయ్యో తారీకు కోసం చూస్తున్నాం, మీ మామ తొందరలో క్యాలెండరులో రెండు తేదీలు ముందే చింపేశాడు.

ఉమారాణి

ఆదోని,
22 జనవరి 2025

అత్తా,

ఆలస్యానికి తిట్టు. మాదన్నతో "ఉంది" అని ఒక్క మాట పంపాను కదా, మిగతాది కుదురుగా రాద్దామని ఆగాను.

ముప్పయ్యో తారీకు పొద్దున నేను లారీ దగ్గరికి పోలేదు. బడిలో కూర్చుని హాజరు పిలిచాను. పదమూడు మంది ఉన్నారు. గౌరి పేరు పిలిచి, తల ఎత్తకుండా ఆగాను. పలకలేదు. గైర్హాజరు వేయడానికి చెయ్యి రాలేదు, గడి ఖాళీగా వదిలి తర్వాతి పేరుకు పోయాను. పదిన్నరకు వచ్చింది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. వాళ్లమ్మ లారీ ఎక్కించిందట, ఊరి చివర మలుపు దాకా తీసుకుపోయిందట, అక్కడ లారీ ఆపించి దించిందట. "ఏం జెప్పలా మేడం. దిగు అనె, అంతే," అంది గౌరి.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నాలప్పుడు నా ఫోనులో వాళ్లమ్మకు ఒక ప్రశ్న మాట్లాడి పంపుతోంది. ఎల్లమ్మ పొద్దుగూకి చేను దిగాక జవాబు మాట్లాడి పంపుతుంది. మరునాడు తరగతిలో అందరం వింటాం. మొదటి ప్రశ్న, "అమ్మా, ఆడ నీ పక్క సాలులో ఎవరు కోస్తారు?" జవాబు ఒకటే మాట, "లక్ష్మక్క." రెండో రోజూ ఒకటే మాట. నాకు దిగులేసింది. వారానికి నాలుగు మాటలయ్యాయి. ఆ తర్వాత మిరప చేను గాలి చప్పుడు, పక్కన ఎవరో నవ్వడం, ఎల్లమ్మ గొంతు, అన్నీ కలిసి రెండేసి నిమిషాలు రావడం మొదలైంది. పిల్లలు ఆమెను ఇప్పుడు "ఎల్లమ్మ టీచర్" అంటున్నారు. నేను కొంచెం కుళ్లుకుంటున్నాను.

శనివారం గౌరి అడిగింది, "పండుకాయ ఏదో పచ్చికాయ ఏదో చూడకుండానే ఎట్ల తెలుస్తాది?" అని. దానికి వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చెయ్యికి తెలుస్తాది బిడ్డా. పండింది పట్టుకుంటానే ఊడొస్తాది. పచ్చిది రాదు, కొమ్మను గట్టిగా పట్టుకోనుంటాది. గుంజితే కొమ్మే ఇరుగుతాది. దాన్ని ఇడిసిపెట్టాల."

సోమవారం నేను మండలంలో మీటింగుకు పోయాను. ఫోను నాతోనే ఉంది, ప్రశ్న పంపలేదు. నిన్న బడి తెరిచేసరికి ఎల్లమ్మ నుంచి, ఎవరూ ఏమీ అడగకుండానే, ఒక సందేశం వచ్చి ఉంది. గౌరికి ఫోను ఇచ్చి నేను బయటికి పోదామనుకున్నాను. అది నా కొంగు పట్టుకుని ఆపింది, ఇద్దరం కలిసి విన్నాం.

"నిన్న ఏంటికి అడగలేదే? పొద్దుగూకేదాకా చూసినా. ఈ పొద్దు రెండు అడుగు."

గౌరి ఆ రెండు ప్రశ్నలు ఎంచుకోవడానికి నిన్న లెక్కల పాఠమంతా తాడు కింద కూర్చుంది. నేను పిలవలేదు.

నీ చందన